డీఅడిక్షన్‌లో ఉన్న మనిషి తెగింపును కొలవడం ఎలా? డెల్టా కౌన్సెలర్లకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట, డిసెంబరు చివర్లో, ఒక పేషెంటు డిశ్చార్జి కాగితం మీద ‘రిస్కు తక్కువ’ అని రాసి సంతకం పెట్టాను. రొయ్యల చెరువుల మీద పనిచేసే మనిషి. తెగింపును కొలవడానికి కంప్యూటర్లో బెలూన్ ఆట ఆడిస్తే ప్రతి బెలూన్‌నీ భయంభయంగా నాలుగైదు సార్లు ఊది ఆపేశాడు. ప్రశ్నాపత్రంలోనూ మార్కులు మామూలుగానే వచ్చాయి. మూడు వారాలు తిరక్కుండా, కనుమ నాటి రాత్రి, కాలవ గట్టు మీంచి బండితో సహా నీళ్లలో పడ్డాడు. కోడిపందేల బరి దగ్గర పై పందేలు కాసి, ఉన్నదంతా పోగొట్టుకుని, తాగి ఇంటికి వస్తున్నాడట. బతికి బయటపడ్డాడు, భుజం ఎముక విరిగింది. మళ్లీ సెంటరుకి వచ్చినప్పుడు అడిగాను, ఆటలో అంత జాగ్రత్తగా ఉన్నారు కదా, మరి ఇదేంటని.

“అది బెలూనండి మేడం గారూ. పుంజు కాదు కదండీ,” అన్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆయన అప్పుడే చెప్పేశాడు. మిగిలింది పద్ధతి. డీఅడిక్షన్ సెంటర్లలో కొత్తగా చేరిన కౌన్సెలర్లు, నర్సులు, ప్రాజెక్టు పనికి వచ్చే సైకాలజీ విద్యార్థుల కోసం దాన్ని వరసగా రాస్తున్నాను.

1. ఎందుకు కొలుస్తున్నారో ముందు రాసుకోండి

రిస్కు స్కోరు కావాలని అడిగే వాళ్లందరికీ కావలసింది ఒకటి కాదు. డాక్టరు గారికి ఈ రాత్రి వార్డులో ఏమన్నా జరుగుతుందా అన్నది కావాలి. మీకు ఈ మనిషితో రాబోయే నెల రోజులూ దేని మీద పనిచెయ్యాలో తెలియాలి. రిసెర్చి చేసేవాళ్లకి చికిత్సకు ముందూ తర్వాతా తేడా కావాలి. ఈ మూడింటికీ ఒకే కాగితం సరిపోదు.

మొదటిదానికైతే అసలు స్కేళ్లూ ఆటలూ వద్దు. చనిపోవాలనిపిస్తోందా, ఎవరినైనా కొట్టాలనిపిస్తోందా, గతంలో ఫిట్స్ వచ్చాయా అని సూటిగా అడిగి, అవునంటే వెంటనే డాక్టరుకి చెప్పడమే. ఫోన్లో దొరికిన మనిషైతే టెలి మానస్ 14416, మత్తు వదిలించుకోవడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446 చెప్పండి. కొలిచే పని ఆ తర్వాతే.

ఇంకో మాట. ఎంత తాగుతున్నాడన్నది వేరు, ఎంత తెగిస్తాడన్నది వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఆడిట్ ప్రశ్నాపత్రంలో 10 ప్రశ్నలు, 40 మార్కులు. దాంట్లో 28 వచ్చిన మనిషి రోజూ సాయంత్రం ఇంటి అరుగు మీదే కూర్చుని తాగి అక్కడే పడుకునే రకం కావచ్చు. 12 వచ్చిన కుర్రాడు తాగిన ప్రతిసారీ బండి తీసేవాడు కావచ్చు. మొదటి మనిషి లివరుకి ప్రమాదం, రెండో కుర్రాడు రోడ్డు మీద ప్రమాదం.

2. ఎప్పుడు కొలవాలి

చేరిన రోజున కొలవొద్దు. మందు మానేశాక వణుకు, చెమటలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. మతి తప్పి లేనివి కనపడే డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య రావచ్చు. ఆ సమయంలో పెట్టిన ఏ పరీక్షైనా ఆ మనిషిని కొలవదు, మందు దిగుతున్న మెదడుని కొలుస్తుంది. ఈ వణుకు, చెమటలు ఎంత తీవ్రంగా ఉన్నాయో చూడడానికి నర్సులు వేసే సివా స్కేలు (10 అంశాలు, మొత్తం 67) 8 లోపుకి దిగి, నిద్రమాత్రల డోసు తగ్గి, రాత్రి పడుకోగలుగుతున్నాడంటే అప్పుడు ప్రశ్నలు మొదలుపెట్టొచ్చు. ఆటల పరీక్షలకైతే నేను ఇంకా ఆగుతాను, రెండు మూడు వారాలు. మాట గుర్తుండడం, లెక్క తెలియడం అప్పటికిగానీ కాస్త కుదుటపడవు. నియమాలే గుర్తుపెట్టుకోలేని మనిషికి బెలూన్ ఆట పెడితే వచ్చే అంకె తెగింపుది కాదు.

పరీక్ష రోజున కాగితం పైన నాలుగు విషయాలు రాయండి: ఆఖరిసారి ఎప్పుడు తాగాడు లేదా వాడాడు, ఈ రోజు ఏ మాత్రలు ఎన్ని గంటలకు వేసుకున్నాడు, రాత్రి ఎంత నిద్ర పోయాడు, ఆఖరి సిగరెట్టు ఎప్పుడు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మూడు గంటలుగా బీడీ లేని మనిషిని గదిలో కూర్చోబెట్టి ‘మీరు తొందరపాటు మనిషా’ అని అడిగితే ఏం చెప్తాడు!

3. ఒప్పుకోలు

మన దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం బావమరిదో, పెద్దన్నో బలవంతాన తెచ్చినవాళ్లే. అందుకే ‘ఇది పరీక్ష కాదు, పాసూ ఫెయిలూ లేవు, డిశ్చార్జికి దీనికీ సంబంధం లేదు’ అని మొదటే చెప్పాలి. చెప్పడంతో సరిపోదు, అది నిజమై ఉండాలి కూడా. స్కోరు చూసి డిశ్చార్జి ఆపే చోట ఎవరూ నిజం చెప్పరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలి. భార్యో, తండ్రో ‘మాకు చూపించండి’ అంటారు. చూపించకూడదు, ఆయన ఒప్పుకుంటేనో, చట్టమే చెప్పిన మినహాయింపుల్లోనో తప్ప. సూదుల గురించి, సెక్స్ గురించి అడిగేటప్పుడు తలుపు మూసి, తోడు వచ్చిన వాళ్లని బయట కూర్చోమనండి. అదే 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం పరీక్షకు అనుమతి తీసుకోవాలి, ఫలితం బయటపెట్టకూడదు. గంజాయి, ఇంజెక్షన్ల విషయంలో ఎవరి దగ్గర కొన్నాడన్నది మీకు అనవసరం. అడగొద్దు, ఆయనే చెప్పినా రాయొద్దు.

4. క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. దీన్ని టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ అంటారు. గడిచిన 30 లేదా 90 రోజుల క్యాలెండరు బల్ల మీద పరిచి, ఒక్కో రోజూ ఏం జరిగిందో మనిషితో కలిసి నింపుకుంటూ పోవడం. ‘నెలకి ఎన్నిసార్లు తాగుతారు’ అని అడిగితే ‘ఏదో అప్పుడప్పుడండి’ అంటారు. అదే ‘వినాయక చవితి ఆదివారం వచ్చింది కదా, మర్నాడు నిమజ్జనం, ఆ రోజు ఎక్కడున్నారు?’ అంటే కథంతా బయటికి వస్తుంది.

క్యాలెండరులో మన ఊళ్ల గుర్తులు ఉండాలి. ఇంగ్లిషు నెలలు చాలవు. భోగి, సంక్రాంతి, కనుమ, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం. సార్వా కోతలు, దాళ్వా కోతలు. గోదారి వరద రోజులు. రొయ్యల చెరువు పట్టుబడి అయి డబ్బు చేతికొచ్చిన రోజు. శుభకార్యాలు, దినాలు. వీటిలో ఏ రెండింటి మధ్య తాగుడు పెరిగిందో కనపడితే ఆ మనిషి ప్రమాదం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో చేరిన మనిషి క్యాలెండరు ఒక్కోసారి తెల్లగా మెరుస్తుంటుంది. 41 రోజులు చుక్క ముట్టలేదు. అయ్యప్ప మాలలో ఉన్నాడు! కార్తీక మాసంలోనూ అంతే. మాల వేసుకున్న రోజుల్ని ‘చికిత్సకు ముందు మామూలు’ అని లెక్కేస్తే, డిశ్చార్జి తర్వాత రెండు క్వార్టర్లు తాగినా ‘పరిస్థితి దిగజారింది’ అని తేలుతుంది. మాల రోజుల్ని వేరే రంగుతో గీసి, దానికి ముందు 30 రోజులు తీసుకోండి. అయితే ఆ 41 రోజుల్నీ పారెయ్యకండి. ఏ ఏర్పాటు ఉంటే ఈయన ఆగగలడో అవే చెప్తాయి: తెల్లారుజామున స్నానం, గుంపుగా ఉండడం, ‘స్వామీ’ అని పిలిచే నలుగురు, పేరు పోతుందన్న భయం.

యానాం దగ్గరి ఊళ్ల వాళ్లనైతే ‘యానాం వెళ్లారా’ అన్నది విడిగా అడగండి. అది పుదుచ్చేరి కింద ఉంది, ధరలూ బ్రాండ్లూ వేరు. తాగడానికి వెళ్లడమంటే తాగి తిరిగి రావడం కూడా. రిస్కు ఉన్నది ఆ తిరుగు ప్రయాణంలో.

5. మన ఊరి రిస్కు పట్టిక

బయట తయారైన పట్టికలు చాలా ఉన్నాయి. డోస్పర్ట్ అనేదాంట్లో 30 అంశాలు: డబ్బు, ఆరోగ్యం, సరదా, నీతి, నలుగురిలో మాట అని ఐదు విభాగాలు. విభజన బాగుంది. కానీ తాడు కట్టుకుని వంతెన మీంచి దూకుతారా, విమానంలోంచి దూకుతారా లాంటివి సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడిన మనిషిని అడిగితే నవ్వుతాడు. ఆ ప్రశ్నల్లో ఆయనకి వచ్చేది అట్టడుగు మార్కే. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే పనికి క్వార్టర్ వేసుకుని వెళ్తాడన్న సంగతి అందులో ఎక్కడా అడగరు.

అందుకని విభాగాలు ఉంచుకుని ప్రశ్నలు మనవి రాసుకోవాలి. ఊళ్లో పది మందిని, ముఖ్యంగా తాగుడు మానేసి నిలబడ్డవాళ్లని కూర్చోబెట్టి ‘తాగినప్పుడు మనవాళ్లు చేసే ప్రమాదపు పనులేంటి’ అని అడిగితే చాలు, పట్టిక దానంతటదే వస్తుంది. నేను వాడేదాంట్లోంచి కొన్ని:

గడిచిన 30 రోజుల్లో తాగి బండి నడిపింది ఎన్నిసార్లు? అందులో చీకటి పడ్డాక కాలవ గట్టు మీద ఎన్నిసార్లు? వెనక భార్యో పిల్లలో ఉన్నది ఎన్నిసార్లు?

తాగి కాలవలోకో గోదార్లోకో దిగింది, పడవెక్కింది ఎన్నిసార్లు?

తాగి చెట్టెక్కింది ఎన్నిసార్లు? తడి చేతుల్తో చెరువు మీద ఏరేటరు మోటారు ముట్టుకున్నది ఎన్నిసార్లు?

కోడిపందెం, గుండాట, పేకాట, ఫోన్లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్: ఎన్ని రోజులు? ఒక్క రోజులో పోయిన పెద్ద మొత్తం ఎంత? అందులో అప్పు తెచ్చింది ఎంత?

వేరేవాళ్లు వాడిన సూది వాడింది, తన సూది వేరేవాళ్లకి ఇచ్చింది ఎన్నిసార్లు? తాగినప్పుడు కండోమ్ లేకుండా కలిసింది ఎన్నిసార్లు? (ఇంజెక్షన్లు వాడేవాళ్లకి 1991 నుంచి ఉన్న 11 ప్రశ్నల హెచ్‌ఆర్‌బీఎస్ స్కేలు ఉంది. మార్కులు ఎక్కువ వచ్చేకొద్దీ హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎక్కువని అర్థం. సూదుల సంగతికి సొంత ప్రశ్నలకన్నా అదే మేలు.)

మానేందుకు ఇచ్చిన మాత్ర వేసుకుని, పనిచేస్తోందో లేదో చూద్దామని తాగింది ఎన్నిసార్లు?

ఆఖరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. డైసల్ఫిరామ్ మాత్ర మీద ఉండి తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకీ వస్తుంది. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. కొన్ని ఇళ్లల్లో ఆయనకి చెప్పకుండా కూరలో కలిపి పెడతారు. ఆ ఇంట్లో ఆయన ‘రిస్కు’ ఆయనకే తెలియదు. ఈ అనుమానం ఉంటే పట్టిక పక్కన పెట్టి డాక్టరు గారి దగ్గరికి పదండి.

అలాగే హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్ల లాంటివి వాడి మానిన వాళ్లని డిశ్చార్జికి ముందు ‘బయటికెళ్లాక ఒక్కసారి వాడితే ఎంత వాడతారు’ అని తప్పక అడగండి. ‘పాత డోసే’ అంటే అది ప్రాణాపాయం. వార్డులో ఉన్న రోజుల్లో ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది.

ఏ ప్రశ్నలోనైనా ‘తరచుగా’, ‘అప్పుడప్పుడు’ వద్దు. ఎన్నిసార్లు అన్నదే అడగండి. ప్రతిదానికీ రెండు గళ్లు పెట్టండి, తాగి ఉన్నప్పుడు, తాగకుండా ఉన్నప్పుడు. రెండో గడి నిండుగా ఉన్న మనిషికి మందు మాన్పిస్తే సరిపోదు. ఆడవాళ్లనైతే ఇంకో గడి పెట్టండి: ఇది మీరు ఎంచుకున్నదా, ఇంట్లో వాళ్ల బలవంతమా? ఆయన తాగి నడిపే బండి మీద వెనక కూర్చోవడం ఆమె తెగింపు కాదు.

6. ప్రశ్నాపత్రం, ‘ఎప్పుడూ’ అనే మాట

తొందరపాటుకి ఎక్కువమంది వాడేది బారట్ స్కేలు, 1995లో వచ్చిన పదకొండో కూర్పు. 30 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4, మొత్తం 30 నుంచి 120. ధ్యాస నిలవకపోవడం, ముందు చేసి తర్వాత ఆలోచించడం, రేపటి గురించి ప్లాను లేకపోవడం అని మూడు పాయలు. 11 వాక్యాలకు మార్కులు తిరగేసి వేయాలి. కొత్తవాళ్లు తప్పుచేసేది ఎక్కువగా ఇక్కడే.

అయితే అసలు ఇబ్బంది తెలుగులో ఉంది. జవాబుల వరసలో ఒక చివర ‘ఎప్పుడూ లేదు’, ఇంకో చివర ‘ఎప్పుడూ’ అని రాస్తే చదివి వినిపించేటప్పుడు రెండూ కలిసిపోతాయి. మనిషి ‘ఎప్పుడూనండి’ అంటాడు. అంటే ఏంటి? దాంతోపాటు ‘ఆలోచించకుండా మాట్లాడరా?’ అని అడిగితే ‘ఆయ్’ అంటారు. మాట్లాడతానని ఆయ్యా, మాట్లాడనని ఆయ్యా? నేను నాలుగు గ్లాసుల బొమ్మలు గీసి చూపిస్తాను: ఖాళీ, పావు, సగానికి పైన, నిండు. వేలు పెట్టి చూపించమంటాను. (డీఅడిక్షన్‌లో గ్లాసులేంటని ఒక సిస్టర్ గారు కోప్పడ్డారు. నిజమే, ఇప్పుడు కొబ్బరి బోండాలు గీస్తున్నాం.) వాక్యాల్లో ‘లేదు’, ‘కాదు’ వీలైనన్ని తీసేయండి. తీస్తే అసలు స్కేలు మారిపోతుందనుకుంటే వాక్యాన్ని అలాగే ఉంచి, ఆయన ఏమర్థం చేసుకున్నాడో సొంత మాటల్లో చెప్పించుకోండి.

అనువాదం మీరొక్కరే చేసి వాడకండి. ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లిషులోకి తిప్పించి, అసలుదానితో పోల్చి, ఐదారుగురి మీద చదివి చూశాకే వార్డులోకి తీసుకెళ్లండి.

7. బెలూన్ ఆట

దీని పేరు బార్ట్, 2002లో వచ్చింది. తెర మీద బెలూన్ ఉంటుంది. ఒక్కో నొక్కుకి కాస్త ఉబ్బుతుంది, కొంత డబ్బు తాత్కాలికంగా జమవుతుంది. ఎప్పుడైనా ‘దాచుకో’ నొక్కితే ఆ డబ్బు ఖాతాలోకి వెళ్లి కొత్త బెలూన్ వస్తుంది. దాచుకోకముందే పేలితే ఆ బెలూన్ డబ్బు పోతుంది. సాధారణంగా 30 బెలూన్లు. మొదటి నొక్కుకి పేలే అవకాశం 128లో ఒకటి, రెండోదానికి 127లో ఒకటి, అలా పెరుగుతూ పోతుంది. సగటున 64వ నొక్కు దగ్గర పేలుతుంది. ఈ సంగతి ఆడేవాళ్లకి చెప్పరు. పెబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది దొరుకుతుంది. పాత ల్యాప్‌టాప్ చాలు, కాకపోతే బ్యాటరీ నిండుగా ఉండాలి. పన్నెండో బెలూన్ దగ్గర కరెంటు పోయి మళ్లీ మొదలుపెడితే ఆ స్కోరు పనికిరాదు.

స్కోరు లెక్క ఇలా. పేలిన బెలూన్లను తీసేసి, మిగిలినవాటి మీద నొక్కుల సగటు తీయాలి. ఒకాయనకి 30లో 11 పేలాయనుకుందాం. మిగిలిన 19 మీద మొత్తం 589 నొక్కులు. 589ని 19తో భాగిస్తే 31. పేలినవి ఎందుకు తీసేస్తామంటే, ఆయన ఎక్కడ ఆగాలనుకున్నాడో అవి చెప్పవు, మధ్యలో తెగిపోయాయి కాబట్టి.

ఈ 31 ఎక్కువా, తక్కువా? చాలామంది 64కి బాగా ఇవతలే ఆగిపోతారు. అంటే ఆ లోపు ఎక్కువ నొక్కినవాడు ఎక్కువ డబ్బు సంపాదిస్తాడు. ఎక్కువ నొక్కడాన్ని చెడ్డ లక్షణంగా రాయడం తప్పు. వ్యసనం ఉన్నవాళ్లందరూ ఇందులో ఎక్కువ నొక్కుతారనీ లేదు, అధ్యయనాల ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. నేను మొత్తం సగటుకన్నా రెండు విషయాలు చూస్తాను. మొదటి పది, మధ్య పది, ఆఖరి పది విడివిడిగా తీస్తే మనిషి నేర్చుకుంటున్నాడా తెలుస్తుంది. రెండోది, బెలూన్ పేలిన వెంటనే వచ్చినదాన్ని ఏం చేస్తున్నాడు? తగ్గి ఆడేవాళ్లు ఉంటారు. పోయినదాన్ని రాబట్టాలని కసిగా నొక్కేవాళ్లు ఉంటారు. ఒకాయన పేలగానే కుర్చీ ముందుకి జరుపుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు. తర్వాతి బెలూన్ 90 దాటాక పేలింది. ఆ మడత ఏ సాఫ్ట్‌వేరూ రాసుకోదు. పక్కన కాగితం పెట్టుకుని మీరే రాయాలి.

డబ్బు నిజంగా ఇవ్వాలా? ఉత్త పాయింట్లకైతే ఎవరూ మనసు పెట్టి ఆడరు. నొక్కుకి 10 పైసలు లెక్కేస్తే పైన చెప్పిన 589కి వచ్చేది 58 రూపాయల 90 పైసలు. నగదు ఇస్తే మందుకే పోతుందని కొందరు భయపడతారు. నేను ఇన్‌పేషెంట్లకి సబ్బూ బిస్కెట్లూ కొనిపెడతాను, బయట నుంచి వచ్చేవాళ్లకి బస్సు చార్జీగా ఇస్తాను. ఏదిచ్చినా ఆట ముందే చెప్పండి, చెప్పింది అదే రోజు ఇవ్వండి.

8. పేక ఆట

అయోవా గ్యాంబ్లింగ్ టాస్క్ 1994 నాటిది. నాలుగు కట్టలు, 100 సార్లు తీయాలి. ఎ, బి కట్టల్లో ప్రతి ముక్కకీ 100 వస్తుంది గానీ పది ముక్కలకి నికరంగా 250 నష్టం. సి, డి కట్టల్లో 50 చొప్పునే వస్తుంది, పదింటికి 250 లాభం. సి, డి లోంచి తీసినవాటి లెక్కలో ఎ, బి లెక్క తీసేస్తే స్కోరు. ఇరవయ్యేసి చొప్పున ఐదు భాగాలుగా చూడండి, మంచి కట్టల వైపు జరుగుతున్నాడా లేదా అని.

మన దగ్గర దీన్ని నేను పెద్దగా వాడను. చిన్నప్పటి నుంచి రమ్మీ ఆడిన చేతులు కట్ట చూడగానే ఏదో లెక్క వేసేస్తాయి, అది చికిత్సకి సంబంధించిన లెక్క కాదు. పైగా ఒకసారి ఆడితే గుట్టు తెలిసిపోతుంది, మూడు నెలలకి మళ్లీ పెడితే అర్థముండదు.

9. రేపటి రూపాయి విలువ

‘ఇప్పుడే 500 కావాలా, నెల తర్వాత 1000 కావాలా?’ ఇలాంటి ప్రశ్నలు 27 ఉన్న పత్రం 1999లో వచ్చింది. హెరాయిన్ వాడేవాళ్లు వాడనివాళ్లకంటే రేపటి డబ్బుని బాగా తక్కువగా లెక్కేస్తారని ఆ పనిలోనే చూపించారు. లెక్క సులువు. ఈనాటి విలువ = మొత్తం ÷ (1 + కె × రోజులు). నెల తర్వాతి 1000, ఇప్పటి 500 ఒక మనిషికి సమానమైతే, 1000ని 500తో భాగించి 1 తీసేస్తే 1, దాన్ని 30తో భాగిస్తే కె విలువ 0.033. ఇది పెద్దదయ్యేకొద్దీ రేపు చిన్నదవుతుంది.

పత్రంలోని డాలర్ల అంకెల్ని అలాగే రూపాయలు చెయ్యకండి. రోజు కూలీకి తగ్గట్టు మార్చుకోండి. అర్థం చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. వారం వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు ఇవాళ్టి 500 తీసుకోవడం తొందరపాటు కాదు, వడ్డీ తెలిసినవాడి లెక్క. పంట మునిగి, పరిహారం ఎప్పుడొస్తుందో తెలియక నెలల తరబడి తిరిగినవాడు ‘తర్వాత ఇస్తాం’ అన్న మాట నమ్మకపోవడమూ అంతే. అందుకే పత్రం అయ్యాక ఒక్క ప్రశ్న అడుగుతాను: ‘నెల తర్వాత నిజంగా ఇస్తామని మీకు నమ్మకం ఉందా?’ లేదంటే ఆ కె విలువ పక్కన చుక్క పెట్టుకోండి.

10. అన్నీ కలిపి కూడొద్దు

ప్రశ్నాపత్రం మార్కులూ ఆటల స్కోర్లూ ఒకదానితో ఒకటి అంతంత మాత్రంగానే కలుస్తాయి. ఇది మీ తప్పు కాదు, అవి కొలిచేవి వేరు. అందుకని మొత్తం కూడి ఒక అంకె చేయడం, ‘ఎక్కువ, మధ్యస్థం, తక్కువ’ అని ముద్ర వేయడం మానేయండి. నేను వేసిన ముద్ర కాలవలో తేలింది కదా.

ముగ్గురి వివరాలు కలిపి అల్లిన ఒక మనిషిని తీసుకుందాం. 34 ఏళ్లు, కొబ్బరి దింపు పని. క్యాలెండరులో తాగిన రోజులు 22, అన్నీ సాయంత్రాలే, దింపు కూలి చేతికొచ్చిన రోజుల్లో రెట్టింపు. పట్టికలో తాగి చెట్టెక్కింది సున్నా, తాగి బండి నడిపింది 19. తాగకుండా కాసిన పందేలు ఆరు. బారట్ 71, అందులో ప్లాను లేకపోవడం వైపు బరువెక్కువ. బెలూన్ 24, పేలిన తర్వాత తగ్గి ఆడాడు. కె విలువ పెద్దది, కానీ వారం వడ్డీ అప్పు ఉంది.

చెట్టు దగ్గర ఈయన ఎంత క్రమశిక్షణ గల మనిషో చూడండి. తెగింపు ఒంట్లోనే ఉందంటే అది అక్కడా కనపడాలి. ఈయన ప్రమాదం కూలి డబ్బు, సాయంత్రం, బండి, ఈ మూడూ కలిసిన చోట ఉంది. చికిత్స ప్లాను అక్కడ మొదలవ్వాలి: కూలి ఎవరి చేతికి, ఆ గంటలో ఎక్కడ, బండి ఎవరి దగ్గర. పందేల సంగతి మందుతో ముడిపడలేదు కాబట్టి దానికి విడిగా సెషన్లు.

11. మళ్లీ కొలవడం

కుదుటపడ్డాక ఒకసారి, డిశ్చార్జికి ముందు, మూడు నెలలకు, ఆరు నెలలకు. అదే గది, అదే వేళ, వీలైతే అదే మనిషి. బారట్, కె విలువ, పట్టిక మళ్లీ వాడొచ్చు. బెలూన్ ఆటలో అలవాటు వల్ల నొక్కులు కాస్త మారతాయని గుర్తుపెట్టుకోండి. పట్టికను వార్డులో ఉన్న 30 రోజులకి నింపి ‘బాగా తగ్గింది’ అని రాసేవాళ్లున్నారు. లోపల బండీ లేదు, బరీ లేదు, తగ్గక ఏం చేస్తుంది?

మార్కు ఎంత మారితే మార్పు అనాలి? చిన్న లెక్క. మీ పేషెంట్ల బారట్ మార్కుల విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరాయో చెప్పే అంకె) 10, స్కేలు నిలకడ (ఎంత నమ్మదగ్గట్టు కొలుస్తుందో చెప్పే అంకె, పూర్తిగా అయితే 1) 0.83 అనుకుందాం. 1 లోంచి 0.83 తీస్తే 0.17, దాని వర్గమూలం 0.41, పదితో గుణిస్తే 4.1. రెండుసార్లు కొలుస్తున్నాం కాబట్టి 1.41తో గుణిస్తే 5.8, 95 శాతం నమ్మకం కోసం దాన్ని 1.96తో గుణిస్తే 11 చిల్లర. అంటే 71 నుంచి 65కి దిగిందని ఇంట్లో వాళ్లకి స్వీట్లు పంచొద్దు. 58కి వచ్చిందంటే ఏదో జరిగిందనొచ్చు.

సంక్రాంతి పడిన నెలను మామూలు నెలతో పోల్చొద్దు. జనవరిలో కొలిచినవాళ్లని మళ్లీ జనవరిలోనూ కొలవగలిగితే అంతకు మించింది లేదు.

12. కాగితం ఆయన ముందు పెట్టండి

స్కోర్లు ఫైల్లో పెట్టి మూసేస్తే కొలిచి లాభం లేదు. క్యాలెండరు, పట్టిక రెండూ బల్ల మీద పరిచి ‘మీకేం కనపడుతోంది’ అని అడగండి, మీరు చెప్పకండి. అంకెలకన్నా రంగులు బాగా మాట్లాడతాయి, తాగి బండి నడిపిన రోజులు ఎర్రగా ఉంటే చాలు. ఎక్కువమంది కాసేపు చూసి, ఆదివారాల మీద వేలు పెడతారు.

కాలవలో పడ్డ ఆ చెరువుల మనిషితో ఇలాగే కూర్చున్నాను, రెండోసారి డిశ్చార్జికి ముందు. ఈసారి బెలూన్ పెట్టలేదు. రాబోయే సంక్రాంతి మూడు రోజులకీ ఖాళీ క్యాలెండరు ఇచ్చి, గంట గంటకీ ఎక్కడుంటారో రాయమన్నాను. భోగి, పెద్ద పండగ చకచకా నింపేశాడు. కనుమ సాయంత్రం దగ్గర పెన్ను ఆగింది.

“బండి తాళం మా అత్తగారి దగ్గర పెట్టొచ్చాండి?” అన్నాడు.

“మీ ఇష్టమండి. ఇస్తారా ఆవిడ, మీరు అడిగితే?”

“చచ్చినా ఇవ్వరండి.”

అప్పటి నుంచి నా పట్టికలో ఆఖరి వరస అదే: కనుమ నాడు బండి తాళం ఎవరి దగ్గర? దానికి మార్కులు లేవు. జవాబు రాసుకోవడానికి పెద్ద గడి ఉంది.